యాజ్ యూజువల్ అని రాసే ముందు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా పాపకి ఏదో అవుతూ ఉంటుంది, రోజూ నా కళ్ళ ముందే కొద్దికొద్దిగా అవుతూ ఉంటుంది, నేను మాత్రం గమనించను. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, తెలిసిపోతుంది. కింద పడితే ఏడుస్తుంది, అదీ తెలుస్తుంది. రోజూ చూస్తున్నాం కదా అని చూడడమే మానేస్తామే, అక్కడ జరిగేదంటేనే నాకు గుండె దడ.

ఇంట్లోవాళ్ళకి ఇది నవ్వులాట. "నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి పెట్టి చూస్తావు, దానికి ముక్కు అరిగిపోతుంది" అంటాడు మా ఆయన. అత్తయ్య అంత మాట అనదు కానీ, నేను పని దగ్గర నుంచి ఫోన్ చేసి "పాప ఎలా ఉందత్తయ్యా?" అంటే ఒకటే జవాబు. "మామూలే." ఇంకోసారి అడిగితే, "మామూలేనమ్మా తల్లీ. నా చెవి కమ్మ పట్టుకు లాగుతోంది. నీకు వినిపించాలంటే చెవి తెంపి ఫోన్లో పెట్టాలి."

పాపకి తొమ్మిదో నెల రాగానే నేను పనిలో చేరాను. వయసు మళ్ళినవాళ్ళని ఉంచి చూసుకునే చోటు అది. లేచి తిరగగలిగేవాళ్ళు కింది అంతస్తులో ఉంటారు, మంచం దిగనివాళ్ళు పైన ఉంటారు. నాకు కింద డ్యూటీ వేశారు. దుప్పట్లు మార్చడం, స్నానానికి చెయ్యందించడం, భోజనం ట్రేలు పెట్టి మళ్ళీ తీయడం. ఒళ్ళు అలిసే పని అయినా మనసుకి భారంగా ఉండేది కాదు. భారమల్లా ఇంటికి బయల్దేరే ముందు షీట్లు రాయడంలో ఉండేది.

ప్రతి గదిలో తలుపు వెనక ఒక అట్ట వేలాడుతుంది, దానికి క్లిప్పుతో ఒక షీటు. ఆ గదిలో మనిషి ఎలా నిద్రపోయారు, ఏం తిన్నారు, ఎలా ఉన్నారు అన్నవి అందులో ఇంగ్లీషులో రాయాలి. వారానికోసారి వచ్చి చూసే డాక్టరుగారికి మన భాష రాదు. నా చదువేమో పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను గానీ రాయమంటే చేతులు చల్లబడతాయి.

మొదటి రోజు పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోతే, నాతోపాటు ఆ అంతస్తులో పనిచేసే అతను వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశాడు. అతన్ని అందరూ రేడియో అంటారు. కట్టేసినా మోగుతూనే ఉంటాడని.

"ఏంటి చెల్లెమ్మా, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డావు?"

"ఏం రాయాలో తెలియట్లేదన్నయ్యా."

"ఇంతోటి దానికేనా! నిద్ర ఎలా పట్టింది? యాజ్ యూజువల్. తిండి ఎలా తిన్నారు? యాజ్ యూజువల్. మనిషి ఎలా ఉన్నారు? యాజ్ యూజువల్. ఎప్పటిలాగే అని అర్థం. అది రాసినవాడిని ఈ భూమ్మీద ఎవరూ తిరిగి ప్రశ్న అడగలేదు. పద, బస్సు వెళ్ళిపోతుంది."

ఆ మాట ఇంటికి తెచ్చుకుని, కూరగాయలు చుట్టిన కాగితం మీద చేయి తిరిగేదాకా రాశాను. వచ్చాక ఎంత ధైర్యమో. మర్నాడు వరసగా అన్ని గదుల్లోనూ అదే రాసుకుంటూ పోయాను. ఇంగ్లీషులో నా చేత్తో రాసిన ముక్కలు తలుపుల వెనక వేలాడుతుంటే, వెనక్కి తిరిగి చూసుకుంటూ మరీ బయటికి వచ్చాను.

మూడో గదిలో ఉండేది క్యాంటీనమ్మ. పెద్ద ఫ్యాక్టరీ ఒకదాంట్లో క్యాంటీన్ వంటగది మొత్తం చేతి మీద నడిపిన మనిషట, అందుకని ఆ పేరు. ఇప్పుడు పిడికెడు మనిషి. మంచం పక్కన కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంటుంది. నేను ట్రే పెట్టగానే ఎప్పుడూ ఒకే మాట అడిగేది. "అందరూ తిన్నారా?"

"ముందు మీరు తినండి మామ్మా" అనేదాన్ని నేను.

"సరే, తింటాను. పెట్టి వెళ్ళు."

తిరిగి వచ్చేసరికి సూప్ మీద మీగడలా పొర కట్టి ఉండేది. రొట్టె ముక్క ఒక అంచు విరిచి ఉండేది, అంతే. "తినలేదేం మామ్మా?" అంటే నవ్వేది. "తింటాలే, తొందరేముంది" అనేది. అవతల గదుల ట్రేలు నా కోసం చూస్తుండేవి. తీసుకుపోయేదాన్ని. షీటులో ముందు రోజు ఎవరో 'కొంచెం తిన్నారు, యాజ్ యూజువల్' అని రాసి ఉంటే, నేనూ దాన్నే దించేదాన్ని.

ఒకరోజు మా ఇన్‌చార్జి సిస్టర్ ఆ షీటు పట్టుకుని నన్ను పిలిచింది. అరిచే మనిషి కాదు ఆవిడ. రెండు అంతస్తులూ ఒక్కతే చూసుకోవాలి కాబట్టి అరవడానికి ఊపిరి మిగలదు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవును సిస్టర్. తప్పుందా?"

"స్పెల్లింగ్ బ్రహ్మాండంగా ఉంది. నువ్వు చేరి ఎన్నాళ్ళయింది? వారం కూడా కాలేదుగా. ఆవిడ ఎప్పుడూ ఎలా తింటారో నీకెలా తెలుసు?"

నేను తల వంచుకున్నాను.

"భయపడకు, తిట్టడానికి పిలవలేదు. ఆ మాట మంచిదే. కానీ ఎప్పుడూ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు రాయాలి. తెలియనప్పుడు ఏం చూశావో అది రాయి. తప్పుల ఇంగ్లీషైనా పరవాలేదు, నేను సర్దుకుంటాను." అని, షీటు వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "ఆవిడ బరువు పడిపోతోంది. నేనూ ఈ మాట చూసి, సరే ఎప్పటిలాగే ఉన్నారు కదా అని సంతకం పెట్టుకుంటూ పోయాను."

ఆ రోజు పని అయ్యాక పాత షీట్లు తిరగేశాను. వెనక్కి ఎంత వెళ్ళినా అదే మాట. రేడియోని అడిగితే తల గోక్కున్నాడు. "నేను మాత్రం ఎప్పుడొచ్చాను చెల్లెమ్మా? నీకన్నా ఒక నెల ముందు. పై అంతస్తు నుంచి కిందికి దింపారు. నాకు ముందు పనిచేసినావిడ రాసింది చూసి నేను రాశాను."

"ఆవిడ ఎక్కడ?"

"మానేసింది."

ఊళ్ళో దగ్గూ జలుబూ ఎక్కువైనప్పుడు ఇక్కడి భోజనాల హాలు మూసి, ఎవరి ట్రే వాళ్ళ గదికే పంపడం మొదలుపెట్టారట. జబ్బులు తగ్గాయి గానీ హాలుకి రంగులేయడం మొదలైంది. నేనూ రేడియో ఇద్దరం ఆ తలుపులు మూసి ఉన్నప్పుడే ఇక్కడికి వచ్చాం. క్యాంటీనమ్మ ఎలా తినేదో మేం ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే, ఎప్పటిలాగే తింటోందని రోజూ రాసి పెడుతున్నాం.

ఆ రాత్రి పాప పక్కన పడుకున్నా నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఆ వారం డాక్టరుగారు వచ్చి, బరువు ఇలాగే తగ్గితే మూడో గది మనిషిని పైకి మార్చక తప్పదన్నారు. పైన గొట్టం పెట్టి తిండి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ నడిచి మెట్లు దిగడం రేడియో ఒక్కసారీ చూడలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు అతను కూడా జోకు వేయలేదు.

క్యాంటీనమ్మ చెవిన ఈ మాట పడనే పడింది.

"పైకి పంపిస్తారటగా అమ్మాయ్?"

"ఇంకా ఏం అనుకోలేదు మామ్మా."

"ఇక్కడైతే పక్కనే వంటిల్లు. పొద్దున్నే గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. ఏ మూత దేనిదో కూడా చెప్పగలను. పైన ఏం వినిపిస్తుంది?" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయింది.

ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. రొట్టె అంచు మాత్రమే విరుస్తోంది కాబట్టి నమలలేకపోతోందని నా బుర్రకి తోచింది. పరుగున వెళ్ళి సిస్టర్‌కి చెప్పాను, కట్టుడు పళ్ళు గుచ్చుకుంటున్నట్టున్నాయని. పాపం ఆవిడ నమ్మి, పళ్ళ డాక్టరుని పిలిపించింది. ఆయన వచ్చి చూసి, కట్టుడు పళ్ళేమీ లేవనీ, ఉన్నవన్నీ సొంత పళ్ళేననీ, తన పళ్ళకన్నా గట్టివనీ చెప్పి వెళ్ళిపోయారు.

ఇక చూసుకోండి. రేడియోకి పండగే. "దంతాల డాక్టరమ్మా, నా దవడ కూడా కాస్త చూద్దురూ!" అని నడవా పొడుగునా నోరు తెరుచుకుని వెంట తిరిగాడు. నవ్వాను గానీ, లోపల కుంచించుకుపోయాను. ఇంకోసారి నోరు విప్పకూడదనుకున్నాను. నాలాంటి దాని మాట ఒకసారి తప్పితే, రెండోసారి ఎవరు వింటారు?

మర్నాడు బరువు తూచే రోజనగా, మధ్యాహ్నం మూడో గదికి ట్రే తీయడానికి వెళ్ళాను. సూప్ సూప్‌లాగే ఉంది. ఉడికించిన కూర ముట్టుకోలేదు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ కదిలింది. అత్తయ్య. ఆవిడంతట ఆవిడ ఎప్పుడూ ఫోన్ చేయదు.

"కంగారు పడకు. పాప పొద్దుట్నుంచీ పాలు తాగట్లేదు. నోట్లో పెడితే తోసేస్తోంది. ఒళ్ళు వెచ్చగా ఏం లేదు. ఎదురింటి నర్సుగారిని పిలిచాను, వస్తోంది. చెప్పాలి కదా అని చెప్పాను."

గదిలో చూడవచ్చినవాళ్ళ కుర్చీ ఉంటే అందులో కూలబడ్డాను. పనివాళ్ళం అందులో కూర్చోకూడదు. అది కూడా గుర్తుకు రాలేదు.

"ఏమైంది తల్లీ?" అంది క్యాంటీనమ్మ.

"మా పాప పాలు తాగట్లేదు మామ్మా."

"నువ్వు తిన్నావా?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. "లేదు" అన్నాను.

"డబ్బా ఏది?"

"నా సంచీలోనే ఉంది."

"తీసి తిను. కాళ్ళూ చేతులూ వణుకుతున్నాయి చూడు. ఇలా వెళ్ళి పిల్లని ఎత్తుకుంటావా? కూర్చుని తిను ముందు." ఆ గొంతు అదివరకు నేనెప్పుడూ వినలేదు. వందమంది నిలబడ్డ వరసకి వినిపించే గొంతు అది. నేను చెప్పినట్టే డబ్బా మూత తీశాను. ఏడుస్తూనే తిన్నాను. ఆవిడ నా చెయ్యి నోటిదాకా వెళ్ళడమే చూస్తూ కూర్చుంది. ఇంకొంచెం, ఆ అంచున ఉన్నది కూడా, అని డబ్బా ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

అయ్యాక అడిగింది. "ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఎక్కడ మామ్మా?"

"తినాల్సినవాళ్ళు."

నేను కళ్ళు తుడుచుకుంటూ, ఆలోచించకుండానే అన్నాను. "ఎవరూ లేరు మామ్మా. అందరూ తినేశారు. నేనే ఆఖరు."

"అయితే సరే" అంది. ట్రే తనే దగ్గరికి లాక్కుని చెంచా అందుకుంది. చల్లారిన సూప్ మొత్తం తాగింది. కూర తిన్నది. రొట్టెతో పళ్ళెం తుడిచి, ఆ ముక్క కూడా నోట్లో వేసుకుంది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"అలా చూస్తావేం? వడ్డించే మనిషి ముందు తినేస్తే, చివర్న వచ్చినవాడికి లేకపోతే?" అంది.

ఇన్నాళ్ళూ ఆవిడ మమ్మల్ని రోజుకి మూడుసార్లు అడిగింది. 'ఆవిడ ఇంకా డ్యూటీ దిగలేదు' అని రేడియో హాస్యానికి అంటుంటే నవ్వుకునేవాళ్ళం. హాలు తెరిచి ఉన్న రోజుల్లో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవడం కళ్ళారా చూసి, ఆఖర్న తినేదేమో. గదిలో తలుపు వేసి ఉంటే ఆవిడకి ఎవరు తిన్నట్టు? మేమేమో, ముందు మీరు తినండి అంటాం. అంటే ఇంకా ఎవరూ తినలేదనేగా!

అంతలో ఫోన్ మళ్ళీ మోగింది. "పై పన్ను వస్తోందట" అంది అత్తయ్య. "చిగురు వాచింది. చల్లటి చెంచా ఇమ్మంది నర్సుగారు. ఇచ్చాను, కొరుకుతోంది. ఇప్పుడు కాసిని పాలు తాగింది. ఏడవకు, నువ్వు ఏడిస్తే నాకూ వస్తుంది." ఏడుపు మాత్రం ఇద్దరం ఆపుకోలేకపోయాం.

ఇక షీటు. రోజూ రాసే మాట రాసి వెళ్ళిపోతే నాకు ఏ గొడవా లేదు. ఇంకొకటి రాస్తే మళ్ళీ దంతాల డాక్టరమ్మనే. పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. ఆఖరికి రాశాను. నాకొచ్చిన ఇంగ్లీషు: 'షీ ఈట్ ఆఫ్టర్ ఆల్ ఈట్. ప్లీజ్ యూ ఈట్ ఫస్ట్. దెన్ టెల్ హర్ ఆల్ ఫినిష్.'

మర్నాడు బరువు తూచారు. ఇంకా తగ్గింది. డాక్టరుగారు పైకి మార్చే కాగితం మీద పెన్ను పెట్టారట. పెట్టి, తలుపు వెనక షీటు చూశారట. సిస్టర్ నన్ను కేకేసింది. నేను వెళ్ళేసరికి ఆయన ఆ షీటు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అడుగుతున్నారు.

"నిన్నే అడుగుతున్నారు" అంది సిస్టర్. ఆవిడ పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. "దయచేసి ముందు మీరు తినండి అని రాశావుగా, అది తనకేనా అంటున్నారు."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూసిందంతా మన మాటల్లోనే చెప్పేశాను, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని గుక్క తిప్పుకోకుండా. సిస్టర్ ఆయనకి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన తన సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసి, క్యాంటీనమ్మ ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా రెండు తిన్నారు. చేతులు దులుపుకుని, ఖాళీ అరచేతులు చూపించారు. భాష రాకపోయినా ఆవిడకి అర్థమైంది. "ఈ అమ్మాయి తిన్నదా?" అని నన్ను చూపించి సిస్టర్‌ని అడిగింది. తిన్నాను మామ్మా, అన్నాను. ఆవిడ పొద్దుటి ట్రే దగ్గరికి లాక్కుంది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "కొన్ని వారాలు చూద్దామంటున్నారు" అంది సిస్టర్. నన్ను పక్కకి పిలిచి, "ఈ షీటు నువ్వు రాసింది రాసినట్టే ఉంచుతాను. ఒక్క అక్షరం దిద్దను" అంది.

అప్పట్నుంచి మూడో గదిలో ఆఖరి మనిషి రేడియో. తన డబ్బా పట్టుకెళ్ళి ఆవిడ ఎదుట తినడం అతని డ్యూటీ అయింది. "నా జన్మలో జీతం ఇచ్చి తినమన్న ఉద్యోగం ఇదొక్కటే చెల్లెమ్మా. ఒకటే చిక్కు, కూరలో ఉప్పు తగ్గినా ఈవిడ దగ్గర దాచలేను. వాసన చూసి చెప్పేస్తుంది, ఇంటికెళ్ళి మా ఆవిడకి నేను చెప్పాల్సొస్తుంది." బరువు ముందు తగ్గడం ఆగింది, తర్వాత కొద్దిగా పెరిగింది. క్యాంటీనమ్మ కిందే ఉంది, గిన్నెల చప్పుడు వినపడే చోటే.

నేను ఆ మాట రాయడం పూర్తిగా మానేయలేదు. ఒక గదిలో మనిషిని కొన్నాళ్ళు చూశాక, పొద్దున ఎలా లేస్తారో, టీ ఎంత మిగులుస్తారో నాకు తెలిశాక, అప్పుడు రాసేదాన్ని. కొత్తవాళ్ళెవరైనా వస్తే, గది ఎలా సర్దాలో చెప్పే ముందు, మూడో గదిలో ముందు ఏం చెప్పాలో చెప్పేదాన్ని.

ఇప్పుడు నేను అక్కడ లేను. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి, పాప నడక నేర్చింది, దాని వెనక ఆవిడ పరిగెత్తలేదు. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండాలి. రేడియోని మళ్ళీ పైకి వేశారట. మొన్న ఫోన్లో చెప్పాడు. సిస్టర్ సెలవులో ఉందని, కింద ఇద్దరు కొత్త పిల్లలు చేరారని, హాలు తలుపులు ఇంకా తెరవలేదని కూడా చెప్పాడు. "నా షీటు?" అని అడిగాను. నిండిపోయిన షీట్లన్నీ కట్టకట్టి లోపల పెట్టేశారట. తలుపు వెనక కొత్తది పెట్టారట. దాంట్లో ఏం రాస్తున్నారో అతనికి తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీవాళ్ళెవరైనా నేను పనిచేసిన చోట ఉంటే, వాళ్ళని చూడ్డానికి మీరు వెళ్తుంటే, కింది అంతస్తులో వంటింటి పక్కన మూడో గదిలోకి కూడా ఒకసారి వెళ్ళండి. భోజనం వేళకి వెళ్ళండి. ఆవిడ అడుగుతుంది. అందరూ తిన్నారని చెప్పండి, మీరూ తిన్నానని చెప్పండి. నమ్మనట్టు చూస్తే ఆవిడ ఎదురుగా ఏదైనా తినండి. చెంచా అందుకునేదాకా దయచేసి కదలకండి. తర్వాత, ఎంత తిన్నదో నాకు ఒక మాట చెప్పండి.